మాంసానికి తినదగిన కవచం
* కోతకు ముందు విశ్రాంతి, తర్వాత చల్లదనమే నాణ్యతకు మూలం
* రొయ్య పెంకు, సముద్రపు నాచు నుంచి సహజ పూతలు
* నల్ల సంచులు, పాత పత్రికల్లో చుట్టడం ప్రమాదకరం

మహబూబ్‌నగర్: ఆదివారం తెల్లవారుజామున నాలుగు గంటలకు కోత మొదలవుతుంది. ఆరు గంటలకల్లా దుకాణం ముందు కొక్కేనికి పొట్టేలు వేలాడుతుంది. పది గంటల వరకు కొనుగోలుదారుల రద్దీ ఉంటుంది. మధ్యాహ్నం దాటేసరికి మిగిలిన మెడ, తొడ ముక్కలపై తడిగుడ్డ కప్పి, ఈగలు తోలుకుంటూ కూర్చోవడమే వ్యాపారి పని. ఏ మండల కేంద్రానికి వెళ్లినా కనిపించే దృశ్యమిది. ఉదయం ఎర్రగా మెరిసిన మాంసం సాయంత్రానికి నల్లబడుతుంది. తూకం తగ్గుతుంది. ధర తగ్గించి అమ్ముకోవాలి, లేదా పారవేయాలి. నెలల తరబడి మేపిన కాపరి శ్రమ, వ్యాపారి పెట్టుబడి, తినేవారి ఆరోగ్యం ఈ కొద్ది గంటల మీదనే ఆధారపడి ఉన్నాయి.

2019 పశుగణన ప్రకారం గొర్రెల సంఖ్యలో తెలంగాణ దేశంలో ప్రథమ స్థానంలోనూ, ఆంధ్రప్రదేశ్ ద్వితీయ స్థానంలోనూ నిలిచాయి. ఒక్కో రాష్ట్రంలో కోటిన్నరకు పైగా గొర్రెలున్నట్లు ఆ గణనలో తేలింది. ఇంతటి సంపద ఉన్నా, మాంసాన్ని కోసే తీరు, నిల్వచేసే తీరు చాలాచోట్ల తాతల కాలం నాటివే. శుద్ధి పద్ధతులను కొద్దిగా సరిదిద్దుకుని, దానికి సహజ పదార్థాలతో తయారైన తినదగిన పూతలను జోడిస్తే నష్టం తగ్గించవచ్చునని మాంస శాస్త్రం చెబుతోంది. అయితే పూత ఉన్న నాణ్యతను నిలబెట్టగలదే కాని, లేని నాణ్యతను తీసుకురాలేదు. అందుచేత ముందుగా నాణ్యత ఎక్కడ పుడుతుందో, ఎక్కడ పోతుందో తెలుసుకోవాలి.

అలసిన జీవం.. నల్లని మాంసం

జీవం కండరాల్లో గ్లైకోజెన్ అనే పిండిపదార్థం నిల్వ ఉంటుంది. ప్రాణం పోయిన తరువాత ఇది లాక్టిక్ ఆమ్లంగా మారుతుంది. దానివల్ల కండరంలోని ఆమ్లత్వం పెరిగి, పీహెచ్ విలువ 7 నుంచి క్రమంగా 5.5 దరిదాపులకు దిగుతుంది. ఈ స్వల్ప పులుపే మాంసానికి తొలి రక్షణ. సూక్ష్మజీవులు త్వరగా పెరగకుండా ఇది కొంతవరకు అడ్డుకుంటుంది. మాంసానికి మంచి రంగు, మెత్తదనం రావడానికీ ఇదే కారణం.

సంతలో కొన్న జీవాలను కాళ్లు కట్టి ఆటోలో కుక్కి, దాహంతో, బెదురుతో గంటల తరబడి తిప్పి, దించిన వెంటనే కోస్తే కథ మారిపోతుంది. భయానికి, అలసటకు గ్లైకోజెన్ ముందుగానే ఖర్చయిపోతుంది. ఆమ్లం తయారు కావడానికి సరుకే మిగలదు. పీహెచ్ 6కు పైనే ఉండిపోతుంది. అటువంటి మాంసం ముదురు రంగులో, గట్టిగా, తడి లేనట్లుగా కనిపిస్తుంది. త్వరగా పాడవుతుంది. వ్యాపారి దీన్ని జీవం ముదురు కావడంగా పొరబడతాడు. అసలు లోపం ప్రయాణంలో జరిగి ఉంటుంది.

కోతకు ముందు రాత్రి జీవాలను నీడపట్టున ఉంచి, కావలసినంత నీరు పెట్టి, బెదరకుండా విశ్రాంతినిస్తే ఈ నష్టం చాలావరకు తప్పుతుంది. ఇందుకయ్యే ఖర్చు దాదాపు లేదు. 2001లో కేంద్రం రూపొందించిన కబేళా నియమావళి కూడా జీవాలకు విశ్రాంతి స్థలం ఉండాలని, పశువైద్యుడు పరీక్షించి ధ్రువీకరించిన తరువాతనే కోయాలని నిర్దేశించింది. ఒక వైద్యుడు గంటకు 12, రోజుకు 96 జీవాలకు మించి పరీక్షించరాదని సైతం అందులో ఉంది. పల్లెల్లో రోడ్డు పక్కన జరిగే కోతలకు ఈ పరీక్ష అందడం అరుదు.

కోత సమయంలో మరో జాగ్రత్త అవసరం. ఆరోగ్యంగా ఉన్న జీవం కండరం లోపల సూక్ష్మజీవులు దాదాపు ఉండవు. అవి ఉన్నితో, పేగులతో, కత్తితో, చేతులతో, నేలతో వచ్చి అంటుకుంటాయి. నేల మీద పడుకోబెట్టి తోలు తీయడం కంటే వేలాడదీసి తీయడం మేలు. ఉన్ని వైపు తోలు మాంసానికి తగలనీయరాదు. పేగు తెగితే ఆ భాగాన్ని వెంటనే కోసి తీసివేయాలి. అదే బకెట్టు నీటిలో పదేపదే కడిగితే శుభ్రం కాదు సరికదా, ఒకచోట ఉన్న మలినం అంతటికీ పాకుతుంది.

వెచ్చనిదే తాజా అనుకుంటే..

కళ్లెదుట కోసినది, చేతికి వెచ్చగా తగిలేది మాత్రమే తాజా మాంసమన్న నమ్మకం మన ప్రాంతంలో బలంగా ఉంది. కోసింది మన కళ్లతో చూశామన్న భరోసా వరకు అది సబబే. కాని మెత్తదనానికి, మన్నికకు వెచ్చదనం గుర్తు కాదు.

కోసిన కొన్ని గంటలకు కండరాలు బిగుసుకుపోతాయి. కోడిలో ఇది త్వరగా, గొర్రె, మేకల్లో నెమ్మదిగా జరుగుతుంది. బిగుసుకున్న దశలో వండితే ముక్క సాగుతుంది. ఆ తరువాత కండరంలోని సహజ ఎంజైములే నారలను కొద్దికొద్దిగా తెంచి మాంసాన్ని మెత్తబరుస్తాయి. అందువల్లనే చల్లని గదిలో ఒక రోజు, ఆపైన నిల్వ ఉంచిన మాంసం నోటికి మృదువుగా ఉంటుంది.

చల్లదనం లేకుండా ఇలా ఆగడం మాత్రం ప్రమాదం. అయిదు డిగ్రీల నుంచి అరవై డిగ్రీల సెల్సియస్ వరకు సూక్ష్మజీవులకు అనువైన వాతావరణం. మన ఎండల్లో కొన్ని రకాల బాక్టీరియా ఇరవై నిమిషాలకోసారి రెట్టింపు కాగలవు. ఆ లెక్కన ఉదయం ఏడు గంటలకు ఒక్కటిగా ఉన్నది పదకొండు గంటలకు 4,096 అవుతుంది. మధ్యాహ్నం దుకాణంలో వేలాడే మాంసం పరిస్థితి దీన్నిబట్టి ఊహించవచ్చు. సున్నా నుంచి నాలుగు డిగ్రీల మధ్య ఉంచితే ఈ వేగం బాగా తగ్గుతుంది. మైనస్ 18 డిగ్రీల వద్ద పెరుగుదల నిలిచిపోతుంది. అయినా అవి చావవన్నది గుర్తుంచుకోవాలి. మంచు కరగగానే మళ్లీ మేల్కొంటాయి.

ఇక్కడొక మెలిక ఉంది. కోసిన వెంటనే, ఆమ్లత్వం ఇంకా రాకముందే మాంసాన్ని పది డిగ్రీల కంటే తక్కువకు దించితే కండరం ఒక్కసారిగా కుంచించుకుపోయి గట్టిపడుతుంది. ఆధునిక కబేళాల్లో దీన్ని నివారించడానికి జీవం కళేబరానికి స్వల్ప విద్యుత్ ప్రేరణ ఇస్తారు, లేదా తొలి గంటల్లో మితమైన చల్లదనంలో ఉంచి ఆ తరువాత పూర్తిగా చల్లబరుస్తారు. ఇంటివద్ద ఆదివారం తెచ్చిన మాంసాన్ని నేరుగా గడ్డకట్టే అరలో పెట్టేవారు ఈ సంగతి గమనించాలి. మరునాటికే వండుకునేదైతే కింది చల్లని అరలో ఉంచడం మంచిది. ఎక్కువ రోజులకైతే చిన్న పొట్లాలుగా చేసి గడ్డకట్టించాలి. పెద్ద ముద్ద నెమ్మదిగా గడ్డకడుతుంది. లోపల పెద్ద మంచు పలుకులు ఏర్పడి కణాలను చీలుస్తాయి. కరిగించినప్పుడు రసమంతా కారిపోయి ముక్క పీచుగా మిగులుతుంది.

వంటింటి పద్ధతుల్లో శాస్త్రం

మాంసం నాణ్యతను పెంచే శుద్ధి అంటే పెద్ద యంత్రాలే అవసరమని భావించనక్కరలేదు. మన వంటిళ్లలో తరతరాలుగా ఉన్న అనేక పద్ధతులకు శాస్త్రీయ ఆధారం ఉంది.

పచ్చి బొప్పాయి అందుకు ఉదాహరణ. కాయ పాలలో ఉండే పపైన్ అనే ఎంజైము మాంసకృత్తులను విడగొట్టి ముక్కను మెత్తబరుస్తుంది. పండిన కాయలో ఇది తగ్గిపోతుంది. వేడెక్కే కొద్దీ, సుమారు 60-70 డిగ్రీల వద్ద ఇది చురుకుగా పనిచేసి, వేడి మరీ పెరిగాక నిర్వీర్యమవుతుంది. అందుకే మోతాదు మించితే ముక్క గుజ్జుగుజ్జు అవుతుంది. అల్లంలోనూ ఇటువంటి ఎంజైము ఉంది. ఉప్పు కండరంలోని మాంసకృత్తులను కరిగించి నీటిని పట్టి ఉంచేలా చేస్తుంది. పెరుగులోని ఆమ్లం సూక్ష్మజీవుల వేగాన్ని తగ్గిస్తుంది. పెరుగు, ఉప్పు, పసుపు, అల్లంవెల్లుల్లి కలిపి నానబెట్టడంలో రుచితో పాటు రక్షణ కూడా దాగి ఉంది. నానబెట్టిన పాత్ర చల్లని చోట ఉంటేనే ఆ రక్షణ నిలుస్తుంది.

ఉప్పు కండ మరో పాఠం. తాజా మాంసంలో ముప్పాతిక భాగం నీరే. సన్నని పొడవాటి ముక్కలకు ఉప్పు, పసుపు పట్టించి ఎండబెడితే ఆ నీరు పోతుంది. నీరు లేనిచోట సూక్ష్మజీవులు పెరగలేవు. ఆరుబయట తీగెపై ఆరవేసినప్పుడు పడే దుమ్ము, వాలే ఈగలే ఈ పద్ధతిలోని లోపం. సన్నని జాలీ కప్పినా, సౌరశక్తితో పనిచేసే ఆరబెట్టే పెట్టె వాడినా సరుకు శుభ్రంగా ఉంటుంది, రంగూ నిలుస్తుంది. ఉప్పు, కారం, నూనె, నిమ్మరసం కలిసిన మాంసం పచ్చడి కూడా ఇదే సూత్రంపై నిలుస్తుంది. ఏ ఒక్క అడ్డంకీ పూర్తిగా చాలదు. అడ్డంకులన్నీ కలిసి సూక్ష్మజీవిని నిలువరిస్తాయి.

కైమా విషయంలో ప్రత్యేక శ్రద్ధ కావాలి. పెద్ద ముక్కలో మలినం పైభాగానికే పరిమితమై ఉంటుంది. కైమా కొట్టినప్పుడు అది లోపలంతా కలిసిపోతుంది. గాలి తగిలే వైశాల్యమూ అనేక రెట్లవుతుంది. కైమాను అప్పటికప్పుడు కొట్టించుకుని అదే రోజు వండుకోవాలి. గుడ్లు పెట్టడం మానిన ముదురు కోళ్ల మాంసం గట్టిగా ఉండి తక్కువ ధర పలుకుతుంది. దాన్ని శుభ్రమైన పద్ధతిలో కైమాగా చేసి, మసాలాలు కలిపి ప్యాటీలుగా, పచ్చళ్లుగా మారిస్తే విలువ పెరుగుతుంది. అక్కడే తినదగిన పూతల ఉపయోగం కూడా మొదలవుతుంది.

తినదగిన పూత అంటే..

మాంసాన్ని పాడుచేసేవి ప్రధానంగా మూడు. సూక్ష్మజీవులు, ప్రాణవాయువు, తేమ నష్టం. ప్రాణవాయువు కొవ్వును కనరెక్కిస్తుంది, ఎరుపు రంగును గోధుమరంగుకు మారుస్తుంది. తేమ పోతే తూకం తగ్గుతుంది. ఈ మూడింటినీ నిలువరించేలా, మాంసంతో పాటే వండుకుని తినగలిగేలా పలుచని పొరను తయారుచేయడమే తినదగిన ప్యాకింగ్. ద్రావణంలో ముంచి తీస్తే అది పూత. ముందుగా రేకులా ఆరబెట్టి చుడితే అది పొర.

ఇది మనకు పూర్తిగా కొత్తదేమీ కాదు. శనగపిండి, కోడిగుడ్డు పూసి వేయించిన కోడి ముక్క లోపల రసం నిలిచి ఉండటం అందరికీ అనుభవమే. సాసేజీలను గొర్రె చిన్నపేగులో కూరడం అనేక దేశాల్లో పాత పద్ధతి. పశువుల చర్మంలోని కొల్లాజెన్ నుంచి తయారుచేసిన గొట్టాలు ప్రస్తుతం ఆ పేగుల స్థానంలో విస్తృతంగా వాడుకలో ఉన్నాయి. సాసేజీతో పాటు ఆ తొడుగునూ తింటారు.

రొయ్య పెంకు.. నాచు నుంచి..

ఇప్పుడు శాస్త్రవేత్తల దృష్టిని ఎక్కువగా ఆకర్షిస్తున్నది కైటోసాన్. రొయ్య, పీత పెంకుల్లో కైటిన్ అనే పదార్థం ఉంటుంది. పెంకులను పలుచని ఆమ్లంతో శుద్ధిచేసి ఖనిజాలను, క్షారంతో మాంసకృత్తులను తొలగిస్తే కైటిన్ మిగులుతుంది. దాన్ని గాఢ క్షారంలో వేడిచేస్తే కైటోసాన్ వస్తుంది. దీన్ని పలుచని వెనిగర్ వంటి ఆమ్లంలో కరిగించి పూతగా వాడతారు. ఆమ్లంలో కరిగిన కైటోసాన్ ధనావేశం కలిగి ఉంటుంది. బాక్టీరియా పైపొర రుణావేశం కలిగి ఉంటుంది. రెండూ అతుక్కున్నప్పుడు బాక్టీరియా పొర దెబ్బతిని లోపలి పదార్థం బయటకు కారిపోతుంది. ఈ విధంగా పూతే స్వయంగా కాపలాదారవుతుంది.

రొయ్యల సాగులో ఆంధ్రప్రదేశ్ దేశంలో అగ్రస్థానంలో ఉంది. శుద్ధి కర్మాగారాల్లో తలలు, పెంకులు గుట్టలుగా మిగులుతాయి. వీటి నుంచి కైటిన్, కైటోసాన్ తయారుచేసే పరిజ్ఞానాన్ని కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ అభివృద్ధి చేసింది. ఆ సంస్థకు విశాఖపట్నంలోనూ పరిశోధన కేంద్రం ఉంది. తీరంలో వ్యర్థంగా మిగిలే పెంకు ఎగువ జిల్లాల మాంసానికి రక్షణ కవచం కావడం ఊహకందని విషయమేమీ కాదు.

రెండోది ఆల్జినేట్. గోధుమరంగు సముద్రపు నాచు నుంచి దీన్ని తీస్తారు. మాంసం ముక్కను సోడియం ఆల్జినేట్ ద్రావణంలో ముంచి, తరువాత కాల్షియం క్లోరైడ్ ద్రావణంలో ముంచితే క్షణాల్లో జెల్లీ వంటి పలుచని పొర కడుతుంది. కాల్షియం లవణం ఎక్కువైతే చిరుచేదు వస్తుంది కనుక మోతాదు కీలకం. జెలటిన్, పాలవిరుగుడులోని మాంసకృత్తులు, మొక్కజొన్న నుంచి తీసే జీన్ అనే మాంసకృత్తు సైతం పొరలకు పనికివస్తాయి.

ఈ పూతలకు లవంగ నూనె, వెల్లుల్లి, పసుపు, కరివేపాకు, మునగాకు, దానిమ్మ తొక్క సారాలను కలిపితే ఫలితం పెరుగుతుంది. కొవ్వు కనరెక్కకుండా నిరోధించే గుణం వీటిలో ఉంది. హైదరాబాద్‌లోని జాతీయ మాంస పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు 2008లో ప్రచురించిన అధ్యయనంలో, ఉడికించిన కోడిమాంసపు ప్యాటీలు కనరెక్కకుండా ఆపడంలో దానిమ్మ తొక్క పొడి సారం కృత్రిమ రసాయనమైన బీహెచ్‌టీ కంటే మెరుగైన ఫలితమిచ్చింది. రసాల బండి పక్కన పారవేసే తొక్కకు ఇంతటి విలువ ఉందన్నమాట.

పూత చేయలేనివి

ఈ పూతలకు పరిమితులూ ఉన్నాయి. అప్పటికే చెడిన మాంసాన్ని ఏ పూతా బాగుచేయలేదు. రంగును, వాసనను కప్పిపుచ్చడానికి వాడితే అది మోసమే అవుతుంది. పూత వేసినంత మాత్రాన చల్లదనం అక్కర్లేదనుకోవడం మరో పొరబాటు. శీతల నిల్వలో మాంసం మన్నే రోజులను ఇది పొడిగిస్తుంది. ఎండలో వేలాడదీస్తే దీని ప్రయోజనం స్వల్పం.

కైటోసాన్, ఆల్జినేట్ వంటివి ప్రాణవాయువును బాగా అడ్డుకుంటాయి కాని తేమను అంతగా ఆపలేవు. అందుకని వాటికి మైనం లేదా కొవ్వు పదార్థం కొద్దిగా కలుపుతారు. లవంగ నూనె వంటివి మోతాదు మించితే కూర రుచే మారిపోతుంది. పూత కూడా ఆహారమే కనుక దానిపై దుమ్ము, చేతులు పడకుండా బయట మరో శుభ్రమైన పొట్లం తప్పదు. రొయ్యలు, పాలు పడనివారు ఉంటారు కాబట్టి పూత దేనితో తయారైందో పొట్లంపై స్పష్టంగా ముద్రించాలి. ఆహార శ్రేణికి చెందిన పదార్థాలనే, నిబంధనలు అనుమతించిన మేరకే వాడాలి. అంగడిలో దొరికే పారిశ్రామిక రసాయనాలతో సొంత ప్రయోగాలు చేయరాదు.

నల్ల సంచి.. పాత పత్రిక

పూతల సంగతి అటుంచితే, ఈనాటికీ పల్లెల్లో మాంసం చేతికందేది నల్ల ప్లాస్టిక్ సంచిలోనో, పాత పత్రికలోనో. ఒకప్పుడు మోదుగ, టేకు ఆకుల్లో చుట్టి ఇచ్చేవారు. అవి తినేవి కాకపోయినా మట్టిలో కలిసిపోయేవి. నల్ల సంచులు చాలావరకు తిరిగి కరిగించిన ప్లాస్టిక్‌తో తయారవుతాయి. అందులో ముందు ఏముండేదో ఎవరికీ తెలియదు. 120 మైక్రాన్ల కంటే పలుచని సంచులపై 2022 డిసెంబర్ 31 నుంచి దేశమంతటా నిషేధం అమల్లోకి వచ్చింది. పత్రికల సిరాలోని రసాయనాలు తడికి, కొవ్వుకు కరిగి ఆహారంలోకి చేరతాయి. 2018 ఆహార ప్యాకింగ్ నిబంధనలు పత్రికల్లో ఆహారం చుట్టడాన్ని నిషేధించాయి. పత్రిక చదవడానికే గాని మాంసం చుట్టడానికి కాదు. ఇంటి నుంచి మూత ఉన్న స్టీలు డబ్బా తీసుకెళ్లడమే అన్నిటికంటే సులువైన, ఖర్చులేని మార్గం.

కొనేవారు గమనించవలసినవి

* వేలితో నొక్కితే మాంసం తిరిగి యథాస్థితికి రావాలి. గుంట అలాగే ఉండిపోతే అనుమానించాలి.
* జిగురుగా, తీగలుగా సాగితే, పుల్లని లేదా కుళ్లు వాసన వస్తే కొనరాదు.
* పైన కాస్త గోధుమరంగు కనిపించినంత మాత్రాన చెడినట్లు కాదు. గాలి తగిలినా రంగు మారుతుంది. వాసన, జిగురు కూడా చూడాలి.
* అన్ని కొనుగోళ్ల తరువాత చివరగా మాంసం కొని నేరుగా ఇంటికి చేరాలి.
* గడ్డకట్టిన మాంసాన్ని ఫ్రిజ్ కింది అరలో కరిగించాలి. ఒకసారి కరిగిన దాన్ని మళ్లీ గడ్డకట్టించరాదు.
* పచ్చి మాంసం కోసిన కత్తి, పీటతో కడగకుండా కూరగాయలు తరగరాదు.

ఎక్కడ నేర్చుకోవచ్చు

హైదరాబాద్ శివారు చెంగిచెర్లలోని జాతీయ మాంస పరిశోధన సంస్థ శుభ్రమైన కోత, మాంస ఉత్పత్తుల తయారీ, ప్యాకింగ్‌లపై శిక్షణలు నిర్వహిస్తోంది. హైదరాబాద్‌లోని పీవీ నరసింహారావు పశువైద్య విశ్వవిద్యాలయం, తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయాల్లో మాంస సాంకేతిక విభాగాలున్నాయి. పచ్చళ్లు, ప్యాటీలు తయారుచేయదలచిన స్వయం సహాయక సంఘాలు ముందుగా ఆహార భద్రత చట్టం కింద నమోదు లేదా లైసెన్సు పొందాలి.

మండల కేంద్రంలోని చిన్న దుకాణానికి కైటోసాన్ పూత రేపే రాకపోవచ్చు. కాని రాత్రి జీవానికి ఒక తొట్టి నీరు, కోతకు ఒక కొక్కెం, దుకాణానికి ఒక జాలీ, మిగిలిన సరుకుకు ఒక శీతల పెట్టె ఇప్పుడే సాధ్యం. ఈ నాలుగూ ఉన్న దుకాణంలోనే రేపటి పూత కూడా ఫలితమిస్తుంది. అటువంటి దుకాణాన్ని వెతికి కొనే బాధ్యత వినియోగదారుడిది. అక్కడ కిలోకు కొంత ఎక్కువ చెల్లించవలసి వచ్చినా, ఆస్పత్రి ఖర్చు కంటే అది తక్కువే.